ఆత్మరక్షణకు చేతితుపాకి
(మా పట్టణ పఠనమందిర వార్షికసభలో చేసిన ఉపన్యాసము)



ఈ మందిరమున వార్షికసభలనాడు సారస్వతమును గూర్చియో, గ్రంథాలయోద్యమమును గూర్చియో ప్రసంగించుట ఆచారము. ఈ యేడు మేము రివాల్వరును గూర్చి మాటలాడుదుమని తెలిపినప్పుడు కార్యదర్శిగారు కొంచెము వెనుదీసిరి. "పుస్తకముల నడుమ తుపాకి యేమిటండీ?" అనిరి. కారణము వినిన పిమ్మట వారే సమ్మతించిరి. ఆ కారణమును మీకును మనవి చేయుదుము.

మా మిత్రులొకరు ఈ పట్టణముననే నగల వర్తకము చేయుదురు. ప్రతిరాత్రియు దుకాణము కట్టి, రొక్కముతోడను, ఒక్కొక్కప్పుడు సరకుతోడను, చీకటిసందు గుండ ఇంటికి నడచివచ్చుట వారి అలవాటు. మూడు నెలల క్రిందట ఇద్దరు దుండగులు వారి నడ్డగించి, కత్తి చూపి, సంచి లాగికొనిపోయిరి. ప్రాణము దక్కినది గాని ఆ నాటినుండి నిదుర దక్కలేదు. వారు తుపాకి లైసెన్సుకై దరఖాస్తు వ్రాసికొని మాయొద్దకు వచ్చి, "ఏ రివాల్వరు కొనుమందురు?" అని అడిగిరి. పత్రికవానికి తెలియనిది లేదని ఆయన నమ్మకము! మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. నాలుగు చోట్ల విచారించి, తెలిసినవారితో చర్చించి, కూర్చుకొనిన సమాధానమే నేటి యీ ప్రసంగము.

మన దేశమున ఆయుధమన్నంతనే దొంగలు, దోపిడులు మాత్రమే మనస్సునకు రావు. ఆ మాటవెనుక ఒక అవమానచరిత్ర యున్నది. 1857 సంగ్రామమును అణచిన పిమ్మట పాలకులు జాతిచేతులనుండి ఆయుధమును క్రమక్రమముగా లాగివేసిరి. 1878లో, లిట్టను ప్రభువు రాజప్రతినిధిగా నున్న కాలమున, ఆయుధముల చట్టము పుట్టినది. ఆ చట్టముక్రింద భారతీయునకు లైసెన్సు కావలెను, ఐరోపీయునకు మినహాయింపు. పంటపై బడు అడవిపందిని తోలుకొనుటకు రైతు కచేరీల చుట్టు తిరుగవలసియుండగా, వేటకు వచ్చిన దొర భుజమున తుపాకి వ్రేలవైచికొని అదే చేనిగట్టున విహరింపవచ్చును. అహింసయే వ్రతముగా గైకొనిన గాంధీజీసైతము 1918లో ఈ చట్టమును నిష్కర్షగా ఖండించిరి. 1931లో కరాచీయందు వల్లభభాయి పటేలుగారి అధ్యక్షతను కూడిన కాంగ్రెసు మహాసభ, నిబంధనలకు లోబడి ఆయుధము ధరించు హక్కు ప్రతిపౌరునకు ఉండవలెనని ప్రాథమికహక్కుల తీర్మానములో చేర్చినది. ఆ తీర్మానము చేసినవారికి తుపాకిపై మోజు లేదు. బలాత్కారముగా నిరాయుధమైన జాతి తలయెత్తుకొని నిలువవలెననియే వారి తపన.

స్వరాజ్యము వచ్చినది. 1948 జనవరి 30వ తేదీ సాయంకాలము మహాత్ముడు ప్రార్థనకు నడచిపోవుచుండగా ఒక చేతితుపాకి మూడుమారులు ప్రేలినది. ఆ సంవత్సరము డిసెంబరులోనే రాజ్యాంగసభలో హెచ్.వి. కామత్‌గారు కరాచీ తీర్మానమును జ్ఞప్తికి దెచ్చుచు, ఆయుధధారణమును ప్రాథమికహక్కులలో చేర్చుమని సవరణ ప్రతిపాదించిరి. అంబేద్కరుగారు సమ్మతింపలేదు, సవరణ వీగిపోయినది. తరువాత 1959లో మన పార్లమెంటే క్రొత్త ఆయుధచట్టము చేసినది. 1962 అక్టోబరు 1వ తేదీనుండి అది అమలులో నున్నది. దొరకొక నీతి, మనకొక నీతి యను భేదము పోయినది. లైసెన్సు మాత్రము నిలిచినది. కొడగుసీమలోని కొడవలకు పూర్వమునుండి తుపాకివిషయమున ఒక మినహాయింపు కలదు. 2019లో దానిని 2029 వరకు పొడిగించిరి. ఆ కుటుంబములలో తుపాకి పూజావస్తువు, పెద్దలు పిల్లలకు అప్పగించు మర్యాద. మనకు అట్టి సంప్రదాయము లేదు. ఆ మాట మరువరాదు.

ఈ చరిత్ర నంతయు ఎందులకు త్రవ్వితిమందురేమో! దరఖాస్తు కాగితము చేతబట్టి మాయెదుట కూర్చున్నప్పుడు మా మిత్రుని మొగమున దొంగలపై కోపముకంటె మరియొకటి ఎక్కువగా కనబడెను. సందులో చేతులు పైకెత్తి నిలిచిన అవమానము! దానిని మేము ఎగతాళి చేయము. కరాచీలో తీర్మానము వ్రాసినవారి గుండెలలో మండినదియు అట్టి మంటయే. కాని అవమానమును కడుగుకొనుట యొకటి, ప్రాణమును కాపాడుకొనుట వేరొకటి. మొదటిది రివాల్వరు కొన్ననాడే తీరవచ్చును. రెండవది అంత సులభముగా తీరదు.

మొదట కాలమును గూర్చి ఆలోచింతము. అమెరికాలో సాల్ట్‌లేక్ నగరపు పోలీసు శిక్షకుడు డెన్నిస్ ట్యూలర్ 1983లో ఒక వ్యాసము ప్రకటించెను. కత్తిపట్టిన మనుష్యుడు 21 అడుగుల దూరమునుండి పరుగెత్తివచ్చి పొడుచుటకు రమారమి ఒకటిన్నర సెకను చాలునని అతడు పరీక్షించి చూచెను. నడుమున ఒరలో తుపాకి యున్న పోలీసువాడు, నిత్యము అభ్యాసమున్నవాడు, దానిని దీసి కాల్చుటకును ఇంచుమించు అంతే కాలము పట్టును. మా మిత్రుని దుండగులు 21 అడుగుల దూరమున లేరు. మూరెడు దూరమున నుండిరి. ఆయన రివాల్వరు కొనియున్నచో అది ఎక్కడ నుండెడిది? రొక్కపు సంచిలోనే! దొంగలకు రొక్కముతోపాటు రివాల్వరుకూడ చిక్కెడిది.

ఇది ఊహామాత్రము కాదు. మా చిన్ననాట మేనమామగారి గ్రామమున ఒక మోతుబరి యుండెడివారు. వారికి లైసెన్సుగల రివాల్వరు కలదు. దానిని ఇనుపపెట్టెలో నుంచి, తాళపుచెవిని ఇల్లాలికి అప్పగించిరి. ఆవిడ దానిని కొంగున ముడివైచికొని పుట్టింటికి పోయినరాత్రియే దొంగలు పడిరి. తాళము పగులగొట్టు శ్రమకూడ వారికి లేకపోయినది, పెట్టెనే మోసికొనిపోయిరి. నగలు పోయినందుకంటె రివాల్వరు పోయినందుకే ఆయన ఎక్కువగా వణకిరి. ఠాణాకు పరుగెత్తి వ్రాతపూర్వకముగా తెలిపిరి. ఆ ఆరు తూటాలు ఏ యూరిలో ఎవరి గుండెలో దిగునోయని చాలకాలము ఆయనకు అన్నము సహింపలేదని మా అత్తగారు చెప్పెడివారు.

ఇంత చెప్పినను, ఆయుధము నిజముగా నవసరమైనవారు లేరని మేము అనము. ఊరికి దూరముగా తోటయింట ఒంటరిగా కాపురముండువారు కలరు. రొక్కమును ఊరూరికి చేరవేయు వృత్తివారు కలరు. సాక్ష్యము చెప్పినందుకు పగబూనినవారి బెదిరింపులకు గురియైనవారు కలరు. వీరు ఏది యెన్నుకొనవలెను?

మన చట్టము ఈ యెంపికను చాలవరకు తానే చేసిపెట్టినది. పోలీసులును సైనికులును వాడు 9 మిల్లీమీటర్ల పిస్తోలు సామాన్యపౌరునకు నిషిద్ధము. సాధారణముగా దొరకునది .32 బోరు. దానిలో రెండు తెగలు: రివాల్వరు, పిస్తోలు. రివాల్వరులో ఆరు తూటాలు పట్టు చక్రము తిరుగుచుండును. పిస్తోలులో తూటాలు పిడిలోని మ్యాగజైనునుండి ఒకదానివెంట నొకటి తామే పైకెక్కును. క్రొత్తవానికి మేము రివాల్వరునే చెప్పుదుము. చక్రమును ప్రక్కకు దీసి చూచినంతనే లోన తూటాలున్నవో లేవో కంటికి కనబడును. ఒక తూటా ప్రేలకపోయిన మరల మీట నొక్కినచో రెండవది ముందుకు వచ్చును. పిస్తోలులో మ్యాగజైనును ఊడదీసినను గొట్టపు మొదట ఒక తూటా మిగిలియుండవచ్చును. "ఖాళీయే గదా" యని యిట్టి పిస్తోలును చేతబట్టి ఆడినవారివలన కొంపలు మునిగినవి.

బరువుమాట. 2014లో కాన్పూరులోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారము 'నిర్భీక్' అను .32 రివాల్వరును విడుదల చేసినది. 2012 డిసెంబరున ఢిల్లీలో జరిగిన ఘోరము తరువాత, స్త్రీల రక్షణకై యని దానిని ప్రకటించిరి. తూకము సుమారు 500 గ్రాములు. అప్పటి ధర లక్షా యిరువది వేలకు పైమాట. రాత్రి యాఖరు బస్సున ఇల్లు చేరు ఆసుపత్రి నర్సునకు లక్షా యిరువది వేల రివాల్వరు! ఎవరికి భయమెక్కువయో వారికి అందని మందు అది. పోనిండు. తేలికతుపాకి మోయుటకు సుఖము, కాల్చుటకు కష్టము. గుండు వెలువడునప్పుడు తుపాకి వెనుకకు తన్నును; బరువు తగ్గినకొలది తన్ను హెచ్చును. .32 తూటా సౌమ్యమైనదే గనుక ఇందు బాధ స్వల్పమనవచ్చును. అయినను కొనుటకు ముందు చేతబట్టి చూడవలెను. పిడి అరచేతిలో నిండుగా నుండి, చూపుడువ్రేలి మొదటి కణుపు మీటపై చాపకుండ, ముడుచుకొనకుండ ఆనవలెను. చేయి చిన్నదైనవారికి పెద్దపిడి తుపాకి ఎంత ఘనమైనదైనను పనికిరాదు. చెప్పులు కొనునప్పుడు చూపు శ్రద్ధ యైనను ఇక్కడ చూపనివారు కలరు. బంధువు కొన్నదే తామును కొందురు.

ఇక తండ్రులు తాతలు వాడిన పాతరివాల్వరులు లైసెన్సు మార్పించుకొని వారసులు ఉంచుకొనుచుందురు. వానిని నిపుణుడైన తుపాకి మరమ్మతుదారునకు చూపక కాల్చరాదు. సముద్రపుగాలి తగులు మన కోస్తాపట్టణములలో ఇనుము త్రుప్పుపట్టును, తూటాలు చెమ్మగిల్లును. పదియేండ్లనాటి తూటాలను నమ్ముకొని నిద్రించువాడు తుపాకి లేనివానికంటె ఎక్కువ ప్రమాదమున నున్నాడు.

ఎంపికకంటె పదిమడుగులు ముఖ్యమైనది శిక్షణ. 2016 ఆయుధనిబంధనలు ఈ సంగతిని గుర్తించి, లైసెన్సు కోరువాడు సురక్షితముగా ఆయుధము వాడుటయందు శిక్షణ పొందవలెనని విధించినవి. ఆయుధమును పట్టు విధము, మోయు విధము, కాల్చు పద్ధతి, శుభ్రపరచుట, భద్రపరచుట ఆ పాఠములలో చేరినవి. ఈ నిబంధనను కేవలము ఒక కాగితముగా నెంచి, ఎవరినో పట్టుకొని ధ్రువపత్రము సంపాదింపజూచువారు కలరని వినుచున్నాము. వారు మోసగించునది సర్కారును కాదు, తమ బిడ్డలను.

అమెరికన్ మెరైను దళమున పనిచేసిన జెఫ్ కూపర్ అను శిక్షకుడు నాలుగు నియమములు ప్రచారము చేసెను. నేడు తుపాకి నేర్పు చోట్ల పెక్కింట అవే మొదటి పాఠము. ప్రతి తుపాకియు తూటాలతో నున్నదనియే యెంచవలెను. నాశము చేయదలపని దానివైపు గొట్టము త్రిప్పరాదు. గురి కుదురువరకు వ్రేలు మీటపై నుంచరాదు. గురియేదో, గురికి వెనుక నేమున్నదో తెలియనిదే కాల్చరాదు. ఈ కడపటిదానిని మన పట్టణవాసులు ముమ్మారు చదువుకొనవలెను. మన యిండ్లు గోడకు గోడ యానుకొని యుండును. అంతస్తుల భవనములలో రేకుతలుపులు, చెక్క అడ్డుగోడలు. దొంగకు తప్పిన గుండు అక్కడ ఆగదు. ప్రక్కయింటి ఉయ్యెలవరకు పోగలదు.

అభ్యాసము ఎట్లు చేయవలెనో మేము ఒక శిక్షకుని ప్రక్కన రెండు ఉదయములు కూర్చుండి చూచితిమి. మొదటివారము తూటాయే లేదు. ఖాళీతుపాకి గొట్టముపై రూపాయినాణెము నిలిపి, అది పడకుండ మీట నొక్కుమనును. ఎంత తేలిక! అనుకొంటిమి. మాకు ఏడుమారులు పడినది. తరువాత నిజమైన తూటాలతో కాల్చుచున్నప్పుడు, చక్రములో ఎక్కడనో ఒక కాల్చిన డొల్లను శిష్యునకు తెలియకుండ చేర్చును. ఆ డొల్ల వంతు వచ్చినప్పుడు చప్పుడు లేదు, తన్ను లేదు. కాని శిష్యుని చేయి మాత్రము గభాలున క్రిందికి వంగును, కన్ను మూతపడును. గుండు వెలువడకముందే భయము వెలువడుచున్నదన్నమాట! ఈ లోపము మాటలతో పోదు. వందలమారులు నొక్కినగాని పోదు. చెవులకు రక్షణ లేక కాల్పించుట ఆ శిక్షకుని దృష్టిలో మహాపరాధము.

ఖర్చునకు వెరచువారు గాలితుపాకితో ప్రారంభింపవచ్చును. పది మీటర్ల గాలిపిస్తోలు క్రీడలో మన ఆడబిడ్డలు ప్రపంచమునకు పాఠము చెప్పుచున్నారు. హైదరాబాదు బాలిక ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియాక్రీడలలో 25 మీటర్ల పిస్తోలు జట్టుపోటీలో స్వర్ణపతకము గైకొన్నది. హర్యానా బాలిక మను భాకర్ కథ ఇంకను ఉపదేశకరము: 2021లో టోక్యో ఒలింపిక్సులో పోటీనడుమ ఆమె పిస్తోలే మొరాయించి విలువైన నిమిషములు హరించినది, 2024లో పారిస్‌లో రెండు కాంస్యపతకములతో తిరిగివచ్చినది. అంత జాగ్రత్తగా చూచుకొను పిస్తోలే సమయమునకు చెడినప్పుడు, మేజాసొరుగున మూడేండ్లు పడియున్న రివాల్వరుమాట యేమి?

నిశ్చలముగా నిలిచి కాగితముపై కాల్చుటయు, ప్రాణభయమున కాల్చుటయు ఒకటి కాదు. న్యూయార్కు పోలీసులను గూర్చి ర్యాండ్ సంస్థ 2008లో ప్రకటించిన పరిశీలనమునుబట్టి, ఎదురుకాల్పులు జరిగిన సందర్భములలో పోలీసులు కాల్చిన గుండ్లు నూటికి పదునెనిమిదియే తగిలినవి. జీతము పుచ్చుకొని శిక్షణ పొందినవారి సంగతి యిది! అందుచేత మంచి శిక్షకుడు కాల్చుటతోపాటు, బిగ్గరగా కేకవేయుటను, వెనుకకు జరిగి గోడచాటు చేరుటను, వీలున్నంతలో పారిపోవుటను నేర్పును. పారిపోవుట పిరికితనమని మన పద్యములు నేర్పినవి. చీకటిసందునకు ఆ పద్యములు వర్తింపవు.

ఇంటిలో భద్రపరచుట యనగా బీరువాపై పెట్టుట కాదు. తుపాకి ఒకచోట, తూటాలు వేరొకచోట, రెండును తాళములలో నుండవలెను. పిల్లలు చేరని చోటంటూ ఇంటిలో ఒకటియు లేదు. మరియొక సంగతి చెప్పుటకు మనసు ఒప్పదు గాని చెప్పక తప్పదు. అమెరికాలో తుపాకివలన జరుగు మరణములలో సగమునకు మించినవి ఆత్మహత్యలే. దొంగకై తెచ్చిన ఆయుధము ఇంటివారి దుఃఖఘడియలో చేతికందుచున్నది. పరీక్షతప్పిన కుమారుడో, అప్పులలో మునిగిన తమ్ముడో ఇంటనున్నచో తాళపుచెవి ఎవరియొద్ద నుండవలెనో యజమాని ముందే ఆలోచించుకొనవలెను. వలసినచో ఆయుధమునే కొంతకాలము ఇంటికి దూరముగా, చట్టసమ్మతమైన చోట దాచవలెను. పెండ్లిండ్లలో ఆకాశమునకు కాల్చువారి ప్రసక్తి మాకు అసహ్యము. 2019 సవరణచట్టము అట్టివారికి రెండేండ్లవరకు ఖైదుగాని, లక్షవరకు జుల్మానాగాని, రెండునుగాని విధించినదని మాత్రము చెప్పి విడిచెదము.

తుదకు న్యాయస్థానపు మాట. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితలో 34 మొదలు 44 వరకు గల సెక్షనులు ఆత్మరక్షణను గూర్చినవి. ప్రాణమునకో, తీవ్రమైన గాయమునకో సహేతుకమైన భయము కలిగినప్పుడు ఎదిరించుటలో ప్రాణము తీయుటవరకును హక్కు కలదు. కాని అవసరమునకు మించిన హాని చేయరాదు. భయము తొలగినంతనే హక్కును తొలగును. ఏది అవసరమో, ఎంత భయమో నిర్ణయించునది మీరు కాదు, తరువాత తీరికగా విచారించు న్యాయమూర్తి. పంజాబున 1991లో ఒక పొలముతగవులో కన్నతండ్రిపై దాడి జరుగుచుండగా ఒక రైతు తుపాకి కాల్చెను, ఒకడు మరణించెను. క్రిందికోర్టు నిర్దోషి యనెను, హైకోర్టు దోషి యనెను, 2010లో సుప్రీంకోర్టు మరల నిర్దోషి యనెను. న్యాయము అతనిపక్షముననే యున్నది. అది తేలుటకు రమారమి పందొమ్మిదియేండ్లు పట్టినది.

ఇవన్నియు మేము మా మిత్రునకు విన్నవించితిమి. ఆయన చిన్నబుచ్చుకొనలేదు. "మొదట నేర్చుకొందును, ఆపైన కొందును" అనిరి. శిక్షణకు చేరి రెండు నెలలైనది. గత ఆదివారము వచ్చి, గురికాగితమును మా మేజాపై పరచిరి. పది గజముల దూరమునుండి ముప్పది గుండ్లు కాల్చగా కాగితమునకు తగిలినవి పదునొకండు. "తక్కిన పందొమ్మిదియు మా సందులోనైతే ఎవరికి తగిలియుండునో!" యని తామే అనిరి. ఇప్పుడు వారు రొక్కమును పగటివేళనే బ్యాంకునకు చేర్చుచున్నారు; దుకాణమును గంట ముందుగా కట్టి, ఇద్దరు కుర్రవాండ్రతో కలిసి, దీపములున్న పెద్దవీథిని ఇంటికి పోవుచున్నారు. దరఖాస్తు ఇంకను వారి సొరుగులోనే యున్నది. ముప్పదింట ఇరువదియైదు తగులువరకు దానిని దాఖలు చేయరట. వచ్చు ఆదివారము మమ్మును వెంటరమ్మనిరి. మా నాణెము ఎన్నిమారులు పడునో చూడవలెనని వారి కోరిక.